క్వీన్ మేరీ: వేగమే కవచమైన ఓడ

ఓడలు కట్టే చోట పనిచేసేవాళ్ళు తాము కట్టే ఓడల గురించి కంటే ఎవరో ఎక్కడో కట్టిన ఓడల గురించే ఎక్కువగా మాట్లాడుకుంటారు. విశాఖపట్నం షిప్‌యార్డులో నేను చేరిన కొత్తల్లో, మధ్యాహ్నం క్యారేజీలు విప్పిన దగ్గర్నుంచి సైరన్ మోగేదాకా సాగే వాదాల్లో తరచుగా దొర్లే పేరు అట్లాంటిక్ దాటే బ్రిటిష్ ప్రయాణికుల ఓడ క్వీన్ మేరీ. మా డ్రాయింగ్ ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. వయసులో ఉన్నప్పుడు స్కాట్లాండులో క్లైడ్ నది ఒడ్డున కొంతకాలం శిక్షణ పొంది వచ్చిన మనిషి కావడంతో, ఏ ఓడ ప్రస్తావన వచ్చినా చివరికి దాన్ని క్లైడ్‌బ్యాంకుకు తీసుకెళ్ళి కట్టేసేవారు. 1948లో నెహ్రూగారి చేతుల మీదుగా ‘జల ఉష’ నీటిలోకి దిగిన యార్డు మాది అన్న గర్వం మాకు ఉండేది. ఆయన దాన్ని కాదనకుండానే, “ఎనిమిది వేల టన్నుల ఓడకే మన గుండె ఇంత పొంగితే, ఎనభై వేల టన్నుల ఓడను కట్టినవాళ్ళ గుండె ఎంత పొంగి ఉంటుందో లెక్క వేసుకోండి నాయనా” అనేవారు. మన ఓడది డెడ్‌వెయిట్ లెక్క, అంటే మోయగల బరువు, ఆ ఓడది గ్రాస్ టన్నేజి లెక్క, అంటే లోపలి ఘనపరిమాణం, రెండింటికీ పోలిక కుదరదని మా అందరికీ తెలిసినా ఎవరమూ ఆయనకు ఎదురు చెప్పలేదు.

ఆ ఓడను నేను కళ్ళారా చూసింది ఉద్యోగ విరమణ తరువాత, 2006 ఆరంభంలో, మా అమ్మాయి వాళ్ళింటికి కాలిఫోర్నియా వెళ్ళినప్పుడు. లాంగ్ బీచ్ రేవులో 1967 నుంచి కదలకుండా కట్టేసి ఉన్న క్వీన్ మేరీ అప్పటికి హోటలూ మ్యూజియమూ కలిసిన ఒక వింత వ్యవహారం. డిస్నీలాండ్ చూడటానికి వచ్చే మనవాళ్ళు చాలామంది ఒడ్డున నిలబడి దాని మూడు ఎర్ర పొగగొట్టాలూ పడేలా ఒక ఫోటో దిగి వెళ్ళిపోతారు. మా అల్లుడు కూడా కారు పార్క్ చేస్తూ “ఒక గంట చాలు కదా మామయ్యగారూ” అన్నాడు. చీకటి పడేవరకూ నన్ను అక్కడి నుంచి కదిలించలేకపోయాడు.

నేను ముందుగా చూసింది హాలులోని అలంకారాలను కాదు, పక్క ప్లేట్ల మీది రివిట్లను. మా కాలానికి ఓడ అంతా వెల్డింగే. ఈ ఓడకు మాత్రం సుమారు కోటి రివిట్లు పట్టాయి. ఒక కుర్రవాడు కొలిమిలో ఎర్రగా కాల్చిన రివిట్‌ను పటకారుతో తీసి విసిరితే, ఇంకొకడు దాన్ని పట్టుకొని రంధ్రంలో దూర్చి, లోపలివాడు బరువైన ఇనుప దిమ్మెతో వెనక నుంచి అదిమిపట్టగా, బయటివాళ్ళు అది చల్లారేలోగా సుత్తి దెబ్బలతో తల చదును చేసే పద్ధతి అది. ఏళ్ళ తరబడి వేసిన పెయింటు పొరల కింద కూడా ఆ తలలు వేలికి తగులుతూనే ఉన్నాయి. వరసలో ఎక్కడా వంకర లేదు. పనిమంతుల పని చూడటంలో ఉన్న సుఖం ఆ పని ఎరిగినవాళ్ళకే తెలుస్తుంది.

క్లైడ్‌బ్యాంకులోని జాన్ బ్రౌన్ యార్డులో ఈ ఓడ కట్టడం 1930 డిసెంబరులో మొదలైంది. అప్పటికి దానికి పేరు లేదు, యార్డు నంబరు 534 మాత్రమే ఉంది. మా యార్డులోనూ ఓడను నంబరుతోనే పిలిచేవాళ్ళం కనుక ఆ సంగతి నాకు సహజంగానే అనిపిస్తుంది గానీ, బ్రిటన్‌లో ఆ అంకె పత్రికల్లో పతాక శీర్షికలకెక్కి దేశం మొత్తానికీ తెలిసిపోయింది. కారణం ఓడ గొప్పతనం కాదు, ఆర్థిక మాంద్యం. 1931 డిసెంబరు 11న ఓడను కట్టిస్తున్న కునార్డ్ కంపెనీ చేతిలో డబ్బు లేక పని ఆపించేయడంతో, ఒక్క యార్డులోనే మూడు వేల మందికి పైగా ఇంటిదారి పట్టారు. ఊరంతటికీ అన్నం పెట్టే యార్డులో సగం కట్టిన ఓడ రెండేళ్ళకు పైగా తుప్పు పడుతూ నిలబడింది. ఓడను కట్టి నీటిలోకి జార్చే స్లిప్‌వే మీద పని ఆగిన ఓడ కింద నుంచి రోజూ నడిచి వెళ్ళవలసిరావడం ఎటువంటి శిక్షో ఓడల పనివాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. చివరికి వైట్ స్టార్ కంపెనీతో కలిసిపోవాలన్న షరతు మీద బ్రిటిష్ ప్రభుత్వం 95 లక్షల పౌండ్ల అప్పు మంజూరు చేసింది. అందులో 30 లక్షలు ఈ ఓడ పూర్తి చేయడానికి, 50 లక్షలు దీని తోబుట్టువైన మరో ఓడకు. 1934 ఏప్రిల్ 3న కార్మికులు బ్యాగ్‌పైపుల వాద్యం ముందు నడవగా తిరిగి గేటు లోపలికి వెళ్ళారు. వాళ్ళ మొదటి పని ప్లేట్ల మీద పేరుకున్న టన్నుల కొద్దీ తుప్పు గోకి తీయడం.

అదే ఏడాది సెప్టెంబరు 26న, వానలో, ఐదవ జార్జి రాజు పక్కన ఉండగా మేరీ రాణి తన పేరే ఓడకు పెట్టి నీటిలోకి వదిలింది. వెయ్యి అడుగులు దాటిన ఓడను క్లైడ్ లాంటి ఇరుకు నదిలోకి వదలడం సామాన్యమైన పని కాదు. ఎదురుగా కార్ట్ అనే ఉపనది వచ్చి కలిసే చోటికి గురిపెట్టి, నది అడుగును తవ్వి లోతు చేసి, ఓడ అవతలి గట్టును తాకకుండా పట్టి ఆపడానికి రెండు వేల టన్నులకు మించిన గొలుసులు రెండు పక్కలా కట్టారు. మా పెద్దాయన ఈ ఘట్టం చెప్పేటప్పుడు రెండు చేతులతో గొలుసు లాగుతున్నట్టు నటించి చూపేవారు.

ఇక వేగం. ఈ ఓడ విలాసాల గురించి రాసినవాళ్ళందరూ వేగాన్ని ఒక పందెంగానే చెబుతారు. పందెం ఉన్నమాట నిజమే. 1936 మే 27న సౌతాంప్టన్ నుంచి తొలి ప్రయాణం చేసిన ఓడ, ఆ ఆగస్టులోనే 30 నాట్లు దాటిన సగటు వేగంతో అట్లాంటిక్ దాటి, అందరికన్నా వేగంగా దాటిన ఓడకు దక్కే బ్లూ రిబాండ్ గౌరవం సంపాదించింది. మరుసటి ఏడాది ఫ్రాన్సువారి నార్మండీ దాన్ని లాక్కుంది. 1938లో క్వీన్ మేరీ తూర్పు దిశగా 31.69 నాట్ల సగటుతో, అంటే గంటకు 58 కిలోమీటర్లకు పైగా పరిగెత్తి మళ్ళీ దక్కించుకొని, 1952లో యునైటెడ్ స్టేట్స్ అనే ఓడ వచ్చేదాకా నిలబెట్టుకుంది. అయితే ఓడను అంత వేగంగా కట్టింది పందెం కోసం కాదు, ఖర్చు లెక్క కోసం. వారానికి ఒక ఓడ చొప్పున సౌతాంప్టన్, న్యూయార్క్ రెండు వైపుల నుంచీ బయలుదేరాలంటే అంతకుముందు మూడు ఓడలు కావలసి వచ్చేవి. ఆ పని రెండే ఓడలతో జరగాలంటే ఒక్కొక్కటి 28.5 నాట్ల వేగాన్ని ఎండలోనూ తుఫానులోనూ నిలుపుకోవాలి. 24 యారో బాయిలర్లు, నాలుగు జతల టర్బైన్లు, 1,60,000 హార్స్‌పవర్, ఒక్కొక్కటి 32 టన్నుల బరువున్న నాలుగు ప్రొపెల్లర్లు, ఇదంతా ఆ ఒక్క అంకె కోసం. మూడో ఓడ ఖర్చు తప్పించుకోవడానికి లెక్కగాళ్ళు వేసిన ఆ అంకె మీద తరువాత లక్షల మంది సైనికుల ప్రాణాలు ఆధారపడ్డాయి.

1939 ఆగస్టు 30న ప్రయాణికులతో సౌతాంప్టన్ వదిలిన క్వీన్ మేరీ నడిసముద్రంలో ఉండగానే యుద్ధం ప్రకటించారు. న్యూయార్క్ చేరిన ఓడను అక్కడే కట్టేసి బూడిద రంగు పూశారు. 1940 మార్చిలో అది గుట్టుగా బయలుదేరి దక్షిణాఫ్రికా చుట్టూ తిరిగి సిడ్నీ చేరితే, అక్కడ తివాచీలు, పింగాణీ, వెండి సామాను, మెత్తని కుర్చీలు అన్నీ ఊడదీసి ఒడ్డున గోదాముల్లో పెట్టి, వాటి స్థానంలో మంచాలు, ఊయల పరుపులు బిగించారు. మే నెల మొదట్లో సుమారు ఐదు వేల మంది ఆస్ట్రేలియా సైనికులతో బయలుదేరింది. అది ఉన్న ఓడల కాన్వాయ్‌ను పశ్చిమాసియాకు పంపాలనుకున్నారు గానీ ఫ్రాన్సు కూలిపోతుండటంతో దారి మళ్ళించి స్కాట్లాండుకు పంపారు. బయలుదేరిన క్లైడ్ ముఖద్వారానికే, గూరాక్ దగ్గరకు, నాలుగేళ్ళకు సైనికుల ఓడగా తిరిగి వచ్చిందన్నమాట.

మన దేశానికీ వచ్చింది. 1940 నవంబరులో ఆస్ట్రేలియా సైనికులను బొంబాయి చేర్చగా, అక్కడ వాళ్ళను చిన్న ఓడల్లోకి మార్చి సూయజ్ వైపు పంపారు. అంత పెద్ద ఓడను శత్రు విమానాలకు అందేంత దూరంలోకి పంపే సాహసం అప్పట్లో చేయలేదు. ఉత్తర అట్లాంటిక్ చలికి తగ్గట్టు కట్టిన ఓడ హిందూ మహాసముద్రంలోనూ ఎర్ర సముద్రంలోనూ కింది అంతస్తుల సైనికులకు పొయ్యి మీది పెనంలా ఉండేదట. చలిచోటు నుంచి తెచ్చిన వెంటిలేషన్ లెక్కలు మన నీళ్ళలో పనికిరావని మా యార్డులో ఏ కుర్ర ఇంజనీరును అడిగినా చెబుతాడు.

నార్మండీ గతి వేరే. న్యూయార్కులో దాన్ని కూడా సైనికుల ఓడగా మారుస్తుండగా, 1942 ఫిబ్రవరి 9న కటింగ్ టార్చి నిప్పురవ్వలు లైఫ్ జాకెట్ల కుప్ప మీద పడి అంటుకున్నాయి. మంటలార్పడానికి పోసిన నీటి బరువుకే ఓడ ఒరిగి రేవులోనే పడిపోయింది. టర్బో ఎలక్ట్రిక్ యంత్రాలతో అందంలోనూ ఇంజనీరింగ్‌లోనూ క్వీన్ మేరీ కంటే ఒక మెట్టు పైనున్న ఓడ అదని నా అభిప్రాయం. శత్రువు చూపు పడకముందే సొంత పనివాళ్ళ చేతిలో పోయింది.

1942 వేసవి నుంచి క్వీన్ మేరీ పని న్యూయార్క్ నుంచి గూరాక్‌కు అమెరికా సైన్యాన్ని చేరవేయడం. శాంతికాలంలో 2,139 మంది ప్రయాణికులకు ఏర్పాట్లున్న ఓడ ఆ ఆగస్టులో ఒక డివిజన్ మొత్తాన్ని, అంటే 15 వేల మందికి పైగా సైనికులను ఒకే విడతలో ఎక్కించుకుంది. 1943 జూలైలో సిబ్బందితో కలిపి 16,683 మంది ఎక్కారు. ఒక ఓడ మీద ఒకే ప్రయాణంలో అంతమంది వెళ్ళడం అంతకుముందు లేదు, ఆ తరువాతా జరగలేదు. మరి అంతమందిని ఎక్కించుకొని యుద్ధనౌకల కాపలా లేకుండా అట్లాంటిక్ దాటే ధైర్యం ఎక్కడిది? జర్మన్ జలాంతర్గామి నీటి పైన 17, 18 నాట్లకు మించి పోలేదు. నీటిలో మునిగితే ఏడెనిమిదే. 28.5 నాట్లతో కొద్ది నిమిషాలకోసారి మలుపు తిరుగుతూ పోయే ఓడను అది వెంటాడి పట్టుకోవడం అసాధ్యం. దారిలో ముందే కాపు కాసి ఉండగా ఓడే వచ్చి ఎదురుపడితే తప్ప ప్రమాదం లేదు. కాపలా నౌకలు కూడా ఆ వేగాన్ని మహాసముద్రం పొడుగునా అందుకోలేవు కనుక, తీరం దగ్గర తప్ప ఓడ ఒంటరిగానే నడిచేది. ఆగకపోవడమే దాని రక్షణ.

నేను ఓడ చూస్తున్న రోజు మా గుంపులో, మనవడి భుజం పట్టుకొని నడుస్తున్న ఒక వృద్ధ అమెరికన్ ఉన్నాడు. 1944లో పంతొమ్మిదేళ్ళ వయసులో ఇదే ఓడలో స్కాట్లాండు వెళ్ళానని చెప్పడంతో గైడు మాట్లాడటం మానేశాడు. మేమంతా ఆయన వెంటే నడిచాం. ఇనుప గొట్టాల చట్రాలకు కాన్వాసు గుడ్డ బిగించిన పడకలు ఒకదానిపై ఒకటి ఆరు వరుసలు ఉండేవట. ఈయనది నాలుగోది. పైవాడు బరువైన మనిషి కావడంతో కాన్వాసు కిందికి జారి, పక్కకు తిరగాలంటే ఆ మనిషిని మోచేత్తో పైకి ఎత్తిపట్టవలసి వచ్చేదని మోచేయి ఎత్తి చూపించాడు. ఎక్కగానే ఎరుపు, తెలుపు, నీలం రంగుల్లో ఏదో ఒక బిళ్ళ ఇచ్చేవారు. ఓడను మూడు భాగాలు చేసి, ఒక రంగువాడు ఇంకో రంగు భాగంలో అడుగు పెట్టకూడదన్నారు. అది క్రమశిక్షణ కోసమే అనుకున్నాడట ఆయన. నాకు తోచినది వేరు. పదిహేను వేల మంది అంటే వెయ్యి టన్నులకు పైగా కదిలే బరువు. అందరూ ఏదో చూద్దామని ఒకే పక్కకు పరిగెత్తితే అంత పెద్ద ఓడా ఒరుగుతుంది. ఆ మాట అంటే ముసలాయన, “అరవై ఏళ్ళ తరువాత చెప్పావు” అని నవ్వాడు. భోజనం రోజుకు రెండుసార్లే, అదీ విడతల వారీగా, ఒకప్పటి ఫస్ట్ క్లాసు భోజనశాలలోనే. ఆ గోడ మీద అట్లాంటిక్ పటం, దాని మీద రెండు దారుల్లో కదిలే గాజు ఓడ బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. భోజనం రుచి గుర్తు లేదు గానీ ఆ పటం మాత్రం బాగా గుర్తుందన్నాడు.

ఆగకపోవడమే రక్షణ అన్నాను. దాని వెల ఎంతో 1942 అక్టోబరు 2న తెలిసింది. సుమారు పదివేల మంది అమెరికన్ సైనికులతో ఐర్లండు ఉత్తర తీరానికి చేరువవుతున్న క్వీన్ మేరీకి ఎదురొచ్చి కాపలాగా కలిసిన నౌకల్లో కురాసోవా ఒకటి. మొదటి ప్రపంచ యుద్ధం నాటి క్రూజర్, నాలుగు వేల టన్నులు దాటినది, పాతబడి వేగం తగ్గినది. క్వీన్ మేరీ తన నియమం ప్రకారం కుడికీ ఎడమకీ మలుపులు తిరుగుతూ వస్తోంది. కురాసోవా తిన్నగా పోతోంది. వాతావరణం బాగుంది, మధ్యాహ్నం రెండు దాటింది, ఒకరికొకరు స్పష్టంగా కనిపిస్తున్నారు. దారి ఇవ్వవలసింది అవతలి ఓడే అని ఇద్దరూ అనుకున్నారు. ఎనభై వేల టన్నుల ఓడ క్రూజర్‌ను నడుమకు రెండుగా కోసుకుంటూ వెళ్ళిపోయింది. కొద్ది నిమిషాల్లోనే రెండు ముక్కలూ మునిగిపోయాయి. కెప్టెన్ ఇల్లింగ్‌వర్త్ వేగం తగ్గించాడే గానీ ఆగలేదు. జలాంతర్గాములు తిరిగే నీటిలో ఏ కారణం చేతనైనా ఆగరాదన్న ఆదేశం ఉంది, పైగా ఓడలో పదివేల మంది ఉన్నారు. నీటిలో ఉన్నవాళ్ళను తరువాత డెస్ట్రాయర్లు వచ్చి ఏరుకున్నాయి. వంద మంది వరకు బతికారు, 330 మందికి పైగా పోయారు. డెక్కు మీద నిలబడి చూసిన సైనికులందరినీ నోరు మెదపవద్దన్నారు. సంగతి 1945 దాకా లోకానికి తెలియనివ్వలేదు.

చితికిన ముందుభాగాన్ని తాత్కాలికంగా కాంక్రీటుతో పూడ్చి, ఓడను అమెరికాకు తీసుకెళ్ళి బోస్టన్‌లో మరమ్మతు చేశారు. యుద్ధం తరువాత దావా నడిచింది. మొదటి కోర్టు తప్పంతా క్రూజర్‌దే అంది. చివరికి 1949లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ మూడింట రెండు వంతులు నౌకాదళానిదీ, ఒక వంతు కునార్డ్ ఓడదీ అన్న అప్పీలు కోర్టు తీర్పునే ఖాయం చేసింది. న్యాయం ఎలా ఉన్నా నా మట్టుకు నాకు కనిపించేది ఒకటే. ఇరవై ఎనిమిదిన్నర నాట్లతో పోయే ఓడకు, దానికన్నా నెమ్మదైన ఓడను కాపలా పెట్టడంలోనే ఆ ప్రమాదం ఉంది.

ఆ ప్రమాదం జరిగిన 1942లోనే డిసెంబరులో ఒక రాక్షస అల కొట్టి ఓడ 52 డిగ్రీలు ఒరిగిందనీ, మరి మూడు డిగ్రీలు ఒరిగి ఉంటే బోల్తా పడేదనీ గైడు చెప్పాడు. పెద్ద అల వచ్చిన మాట నమ్ముతాను. ఆ డిగ్రీలను నేను అంతగా నమ్మను. ఏమైనా, ఈ ఓడకు ఊగే జబ్బు పుట్టుకతోనే ఉంది. ఊపును తగ్గించే స్టెబిలైజర్లు దానికి బిగించింది 1958లో. చర్చిల్ మూడు పర్యాయాలు ఈ ఓడలో అమెరికా ఖండానికి వెళ్ళాడు. ప్రయాణికుల జాబితాలో ఆయన పేరు కర్నల్ వార్డెన్. ఓడకు ఏదైనా జరిగి లైఫ్ బోటు ఎక్కవలసి వస్తే పట్టుబడకుండా పోరాడతానని, ఆ బోటులో మెషిన్ గన్ పెట్టించుకున్నాడు. యుద్ధం ముగిశాక, అమెరికా సైనికులను పెళ్ళాడిన బ్రిటిష్ అమ్మాయిలను, చంటిపిల్లలతో సహా, అత్తవారిళ్ళకు చేర్చే పని కూడా దీనికే పడింది. ఆరు వరుసల పడకలు తీసేసి ఉయ్యాలలూ, గుడ్డలు ఆరబెట్టే గదులూ ఏర్పాటు చేశారు. అన్నీ కలిపి యుద్ధకాలంలో ఎనిమిది లక్షల మందిని మోసిన ఓడ, 1947 జూలై 31న మళ్ళీ తివాచీలు పరచుకొని టిక్కెట్టు కొన్న ప్రయాణికులతో బయలుదేరింది.

తరువాతి ఇరవై ఏళ్ళ సంగతి త్వరగానే చెప్పవచ్చు. 1958లో అట్లాంటిక్ మీద జెట్ విమానాలు మొదలైన తరువాత నాలుగైదు రోజుల ప్రయాణానికి గిరాకీ పోయింది. 1967లో లాంగ్ బీచ్ నగరం 34 లక్షల 50 వేల డాలర్లకు కొనుక్కుంది. ఓడ దక్షిణ అమెరికా కొస చుట్టి డిసెంబరు 9న అక్కడికి చేరింది. పొగగొట్టాలను శుభ్రం చేద్దామని దింపితే, లోపలి ఇనుము తినేసి పెయింటు పొరలే నిలబెట్టి ఉన్నాయని తేలింది. ఇప్పుడు కనిపించేవి వాటి నమూనాలు.

బాయిలర్లు కూడా లేవు. హోటలుకు జాగా కోసమని 24 యారో బాయిలర్లనూ కోసి తీసేశారు. బాయిలర్ గదులుండిన చోట కొన్ని అంతస్తుల ఎత్తున బోలు మిగిలింది, మాట్లాడితే గొంతు మారుమోగుతుంది. యుద్ధంలో అలంకారాలు ఊడదీసి యంత్రాలను ఉంచారు, శాంతి వచ్చాక యంత్రాలను ఊడదీసి అలంకారాలను ఉంచారు. చూడటానికి వచ్చినవాళ్ళు చెక్క గోడల నునుపునూ, గుండ్రని బారునూ మెచ్చుకుంటూ పోతుంటే నాకు కొంచెం కష్టంగానే ఉండింది. వెనక ఇంజను గది మాత్రం వదిలిపెట్టారు. దాని పక్క నుంచి మెట్లు దిగితే, ఓడ పక్కకు అతికించిన ఇనుప తొట్టిలో, సముద్రపు నీటిలోనే, మిగిలిన ఒకే ఒక్క ప్రొపెల్లర్ లైటు వెలుగులో కనిపిస్తుంది. దాని రెక్క అంచు ఎంత పల్చగా దిగిందో చూడటానికి కటకటాల మీద వంగుతుంటే, మా అల్లుడు నా చొక్కా పట్టుకున్నాడు.

బయటికి వచ్చాక ఒక తమాషా చూశాను. జలాంతర్గాములకు చిక్కకుండా ఆరేళ్ళు పరిగెత్తిన ఓడ పక్కనే ఒక జలాంతర్గామిని కట్టేసి ఉంచారు. జర్మన్ది కాదు, ఫాక్స్‌ట్రాట్ తరగతి రష్యన్ జలాంతర్గామి. విశాఖ ఆర్‌కే బీచిలో మ్యూజియంగా నిలబెట్టిన కుర్సురా కూడా ఆ తరగతిదే. దానికి వేరే టిక్కెట్టు. మాకు ఆ టిక్కెట్టు కొనే అవసరం రాలేదు. 

మేమక్కడ ఉండగానే, ఫిబ్రవరి 23న, కొత్త ఓడ క్వీన్ మేరీ 2 పాత ఓడను పలకరించడానికి లాంగ్ బీచ్ వచ్చింది. చూడటానికి ఒడ్డు పొడుగునా జనం. అది కూత వేసింది. పాత ఓడ జవాబిచ్చింది, ఆవిరి లేదు కనుక కంప్రెసర్ గాలితో. రెండు కూతలూ ఒకే స్వరం, ఎందుకంటే కొత్త ఓడ పొగగొట్టం మీది కూతల్లో ఒకటి పాత ఓడ నుంచి అరువు తీసుకున్నదే. అయితే కునార్డ్ కంపెనీ ఆ కొత్త ఓడను క్లైడ్ మీద కట్టించలేదు, నార్మండీ పుట్టిన ఫ్రెంచి ఊరు సాన్ నజేర్‌లో కట్టించింది. 1934లో క్లైడ్‌బ్యాంకులో ఈ మాట ఎవరైనా అని ఉంటే, సుత్తులు పక్కన పెట్టి మరీ వెంటపడి ఉండేవారు.